కాలనీలో మైకులు, డీజేలు: శబ్ద నిబంధనల మీద అపోహలు - వాస్తవాలు

వీధిలో మైకు గొడవ వస్తే పెట్టినవాళ్లు "పర్మిషన్ ఉంది" అంటారు. భరించేవాళ్లు "పది దాటేదాకా మనం ఏమీ అనలేం" అనుకుని తలుపులు వేసుకుంటారు. ఈ రెండు మాటలూ తప్పే. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2000 ఫిబ్రవరి 14న వచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు దేశమంతటికీ ఒకటే. ఆంధ్రప్రదేశ్‌లో అయినా తెలంగాణలో అయినా ముందు చూడాల్సింది వాటినే.

అపోహ: రాత్రి పది లోపు ఎంత సౌండ్ అయినా పెట్టుకోవచ్చు.

పది గంటలన్నది మైకు ఆపాల్సిన వేళ. సౌండ్‌కు హద్దు పగలు కూడా ఉంది. నివాస ప్రాంతంలో ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు 55 డెసిబెల్స్, ఆ తర్వాత తెల్లవారి 6 దాకా 45. వాణిజ్య ప్రాంతంలో ఇవి 65, 55. ఒక్క హారన్ మోతను బట్టి కాదు, కొంతసేపటి శబ్దాన్ని సగటు కట్టి ఈ లెక్క చూస్తారు.

మైకుకు ఇంకో కొలత ఉంది. వినాయక మండపం లాంటి బహిరంగ స్థలమైతే దాని హద్దు దగ్గర ఆ ప్రాంత పరిమితికి 10 డెసిబెల్స్‌కు మించి పెరగకూడదు, మొత్తం 75 దాటకూడదు. రెండింటిలో ఏది తక్కువైతే అదే వర్తిస్తుంది కాబట్టి కాలనీలో పగటి హద్దు 65. మేడ మీద పుట్టినరోజు పార్టీ లాంటి ప్రైవేటు స్థలానికి వెసులుబాటు 5 మాత్రమే. అంటే నివాస ప్రాంతంలో ప్రహరీ దగ్గర పగలు 60, రాత్రి మూసిన చోటైతే 50.

60 అంటే ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకునేంత శబ్దం. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. సౌండ్ బాక్సుకు మీటరు దూరంలో 100 ఉంటే, అది 60కి దిగడానికి వంద మీటర్లు కావాలి. రెండువైపులా అపార్ట్‌మెంట్లున్న సందులో గోడలకు తగిలి తిరిగొస్తుంది గనుక అంత త్వరగా కూడా తగ్గదు. నలభై అడుగుల రోడ్డు మీద డీజే పెట్టి నిబంధన పాటించామంటే నమ్మలేం.

అపోహ: పోలీస్ పర్మిషన్ ఉంటే ఎవరూ ఆపలేరు.

రాతపూర్వక అనుమతి లేకుండా పగలు కూడా మైకు పెట్టకూడదు. ఆ అనుమతి మైకు పెట్టుకోవడానికే. సౌండ్ హద్దులు, పది గంటల గడువు అందుకున్నాక కూడా వర్తిస్తాయి. పది నుంచి పన్నెండు దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిదే. అది కూడా సాంస్కృతిక, మతపరమైన ఉత్సవాలకే, ఏడాది మొత్తంలో 15 రోజులకు మించకుండా, ఏయే రోజులో ముందే ప్రకటించి ఇవ్వాలి. ఈ అధికారాన్ని ప్రభుత్వం కింది అధికారులకు అప్పగించకూడదని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. "ఎస్సై గారు ఒంటిగంట దాకా ఓకే అన్నారు" అన్న మాటకు విలువ లేదు. పెళ్లి బరాత్‌ను పండుగ సడలింపులో కలపడం కూడా కుదరదు.

అనుమతి కాగితం చూపిస్తే మూడు చూడండి: ఏ స్థలానికి ఇచ్చారు, ఏ తేదీలకు, ఎన్ని గంటల దాకా. ఎక్కువ గొడవలు ఈ మూడోదాని దగ్గరే తేలిపోతాయి.

అపోహ: ప్రార్థనా స్థలాలకు ఇవేవీ వర్తించవు.

గుడికీ మసీదుకూ చర్చికీ నిబంధనల్లో మినహాయింపు లేదు. చెన్నైలో ఒక కాలనీ సంఘానికీ ఒక చర్చికీ నడిచిన కేసులో, పక్కవాళ్ల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు 2000లో తేల్చింది.

అపోహ: ఫంక్షన్ హాలు కాబట్టి రాత్రంతా పాటలు పెట్టుకోవచ్చు.

రాత్రి మినహాయింపు నాలుగు గోడలు, పైకప్పు ఉండి శబ్దం లోపలికే పరిమితమయ్యే చోటుకు. లాన్, షామియానా వేసిన ఖాళీ స్థలం ఆ లెక్కలోకి రావు. నివాస ప్రాంతంలో మూసిన హాలైనా రాత్రి ప్రహరీ దగ్గర 50 దాటకూడదు. భోజనాల వేళ తలుపులు బార్లా తీసిపెడితే అక్కడే హద్దు దాటిపోతుంది.

అపోహ: డెసిబెల్ రీడింగ్ లేకపోతే ఫిర్యాదు నిలబడదు.

జనం వెనక్కి తగ్గేది ఎక్కువగా ఇక్కడే. ఫిర్యాదుకు నిబంధనలు రెండు దారులిచ్చాయి. ఒకటి, శబ్దం ఆ ప్రాంత పరిమితికి 10 డెసిబెల్స్ గానీ అంతకంటే గానీ మించడం. రెండోది, రాత్రి వేళ ఆంక్షల్ని ఉల్లంఘించడం. రెండోదానికి కొలత అక్కర్లేదు. పదిన్నరకు వీధిలో మైకు మోగుతోందంటే చాలు. రాత్రి నివాస ప్రాంతంలో హారన్ కొట్టడం, మోతపెట్టే టపాసులు కాల్చడం, డ్రిల్లింగ్, కాంక్రీటు మిక్సర్ లాంటివి నడపడం కూడా ఇందులోకే వస్తాయి.

ముందు 112కు ఫోన్ చేయండి. ఫోన్ ఆ రాత్రికి పనిచేస్తుంది. వచ్చే నెల మళ్లీ మొదలవకుండా ఉండాలంటే కాగితం కావాలి. కమిషనరేట్ పరిధిలో పోలీస్ కమిషనర్‌కు, మిగతాచోట్ల కలెక్టర్‌కు రాసి, ఒక ప్రతి పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. శబ్దం ఆపమని రాతపూర్వక ఉత్తర్వు ఇచ్చే అధికారం ఆ పై అధికారులది. స్టేషన్ అధికారి నివేదిక దానికి ఆధారమవుతుంది. అర్జీలో తేదీ, మొదలైన వేళ, ఆపిన వేళ, ఎక్కడి నుంచి వస్తోంది, మీ ఇంటికి ఎంత దూరం అన్నవి ఉండాలి. "రోజూ గోల" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. నాలుగు రాత్రుల వివరాలు గంటలతో సహా రాస్తే పక్కన పెట్టడం కష్టం.

ఫోన్ యాప్ రీడింగ్‌ను ఆధారంగా నమ్ముకోవద్దు, అది కాలిబ్రేట్ చేసిన (కచ్చితత్వం సరిచూసిన) మీటర్ కాదు. డీజే విషయంలో ఇంకో చిక్కుంది. నిబంధనల్లోని కొలత మనిషి చెవిని అనుకరించేది, లోతైన బేస్‌ను బాగా తగ్గించి చూపుతుంది. 63 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 26 డెసిబెల్స్ తగ్గుతుంది. కిటికీ అద్దాలు అదురుతున్నా మీటర్ అంకె చిన్నగా ఉండేది అందుకే. అదిరే కిటికీని తలుపులు మూసి లోపలి నుంచి వీడియో తీసి అర్జీకి జతచేయండి. పెట్టేవాళ్లతో మాట్లాడే వీలుంటే సౌండ్ తగ్గించమనే కంటే సబ్‌వూఫర్లు ఆపమని అడగండి. ఇళ్లలోకి దూరేది ముఖ్యంగా ఆ బేసే.

అపోహ: ఆసుపత్రికి వంద మీటర్ల లోపు ఎప్పుడూ నిశ్శబ్ద ప్రాంతమే.

2017 సవరణ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన చోటే నిశ్శబ్ద ప్రాంతం. బోర్డు కనిపించినా నోటిఫికేషన్ ఉందో లేదో కనుక్కున్నాకే అర్జీలో రాయండి.

అపోహ: దొరికితే ఐదేళ్లు జైలు.

అది పాత లెక్క. 2024 ఏప్రిల్ 1 నుంచి పర్యావరణ చట్టం కింద 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా. భారతీయ న్యాయ సంహిత 292 కింద పబ్లిక్ న్యూసెన్స్‌కు వెయ్యి రూపాయల దాకా జరిమానా విడిగా ఉంది.

అపోహ: అపార్ట్‌మెంట్ జనరేటర్ మోతకు నిబంధనలు లేవు.

ఉన్నాయి. 2005 నుంచి తయారైన 1000 కేవీఏ లోపు డీజిల్ జనరేటర్ల శబ్దం, బయటి పెట్టెకు మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదు. మోత పెరిగిందంటే ముందు చూడాల్సినవి: వేడికి తెరిచి వదిలేసిన పెట్టె తలుపులు, అరిగిన తలుపు రబ్బర్లు, కింద పోయిన వైబ్రేషన్ ప్యాడ్లు, పక్కింటి కిటికీ వైపు తిరిగిన పొగగొట్టం. వీటిలో చాలావరకు అసోసియేషన్ ఒక్క రోజులో బాగుచేయించగలిగినవే.