జువావ్ మొటీన్యో కొట్టిన రెండు పెనాల్టీలు

2016 జూన్ 30 రాత్రి మార్సేయ్‌లో పోర్చుగల్, పోలండ్ జట్లు 120 నిమిషాలు ఆడినా స్కోరు 1-1 దగ్గరే నిలిచిపోయింది. యూరో కప్ ఫుట్‌బాల్ క్వార్టర్ ఫైనల్ ఇక పెనాల్టీ షూటౌట్‌లోనే, అంటే రెండు జట్ల ఆటగాళ్లూ ఒక్కొక్కరుగా వచ్చి గోల్‌కీపర్ ఒక్కడి మీదే బంతి కొట్టే పోటీలోనే తేలాలి. ఎవరెవరు కొట్టాలో ఖరారవుతున్న ఆ కొద్ది క్షణాల్లో క్రిస్టియానో రొనాల్డో ఒక సహచరుణ్ని గట్టిగా పిలుస్తూ కెమెరాకు చిక్కాడు. రా, నువ్వు బాగా కొడతావు, ఓడితే ఓడదాం అన్నది అతని మాటల సారం. ఆ సహచరుడు మిడ్‌ఫీల్డర్ జువావ్ మొటీన్యో. ముందుకు రావాలన్న ఆత్రం అతనిలో కనిపించలేదు.

ఆ తటపటాయింపు వెనక ఏముందో అతని మనసుకే తెలియాలి. కానీ ఆ రాత్రికి సరిగ్గా నాలుగేళ్ల మూడు రోజుల ముందు జరిగిన ఒక సంగతిని పోర్చుగల్ అభిమానులు ఎవరూ మరచిపోలేదు.

2012 జూన్ 27, యుక్రెయిన్‌లోని దొనెత్స్క్. యూరో సెమీఫైనల్లో స్పెయిన్‌తో గోల్ లేకుండా ముగిసిన మ్యాచ్ అది. షూటౌట్‌లో స్పెయిన్ తరఫున మొదట కొట్టిన షాబీ అలోన్సో బంతిని పోర్చుగల్ గోల్‌కీపర్ ఆపేశాడు. ఆధిక్యం చేతికందే దూరంలో ఉంది. పోర్చుగల్ తరఫున తొలి కిక్ మొటీన్యోది. స్పెయిన్ గోల్‌కీపర్ కసియాస్ దాన్ని ఆపేశాడు. చివరికి స్పెయిన్ 4-2తో గెలిచింది.

మొటీన్యోకు కాలు కుదరదని ఎవరూ అనలేరు. 1986లో పోర్టిమావ్‌లో పుట్టి, స్పోర్టింగ్ క్లబ్ అకాడమీలో పెరిగి, చిన్న వయసులోనే ఆ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. 2010లో పోర్టో క్లబ్‌కు మారి, మరుసటి ఏడాదే యూరోపా లీగ్ గెలిచిన జట్టులో ఆడాడు. 1.70 మీటర్ల ఎత్తున్న అతని బలమంతా బంతిని అనుకున్న చోటికి పంపగలగడంలోనే ఉంది. అలాంటి కాలు, కదలకుండా పెట్టిన బంతిని 11 మీటర్ల దూరం నుంచి గోల్‌లోకి ఎందుకు పంపలేకపోయింది?

భౌతికశాస్త్రాన్ని అడిగితే అది పూర్తిగా కొట్టేవాడి పక్షమే వహిస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో కొట్టిన బంతి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. అంటే గోల్ గీతను చేరడానికి 0.4 సెకను చాలు. కంటితో చూసింది మెదడుకు అంది, కండరం కదలడం మొదలవడానికే దాదాపు 0.2 సెకను పడుతుంది. గోల్ వెడల్పు 7.32 మీటర్లు. మిగిలిన 0.2 సెకనులో మధ్య నుంచి స్తంభం దాకా దూకడం మనిషి వల్ల కాదు. అందుకే గోల్‌కీపర్ బంతి కదిలేదాకా ఆగడు. కొట్టేవాడి తుంటి ఎటు తిరిగింది, నేల మీద ఆనించిన పాదం ఎటు చూస్తోంది అన్నవి గమనించి ముందే ఒక పక్కకు దూకేస్తాడు. ఇజ్రాయెల్ పరిశోధకులు 286 పెనాల్టీలను పరిశీలిస్తే, దాదాపు 94 శాతం సందర్భాల్లో కీపర్ ఏదో ఒక వైపు దూకాడు.

షూటౌట్ లాటరీ అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. నార్వే పరిశోధకుడు గైర్ యోర్డెట్ పెద్ద టోర్నీల షూటౌట్లను ఒక్కొక్కటిగా పరిశీలించి చెప్పింది ఇది: కొడితే వెంటనే గెలుపు అనే కిక్‌లో ఆటగాళ్లు చాలా ఎక్కువగా గోల్ చేస్తారు. తప్పితే వెంటనే ఓటమి అనే కిక్‌లో ఆ శాతం బాగా పడిపోతుంది. బంతి అదే, దూరం అదే, గోల్ అదే. మారింది కొట్టేవాడి తలలో ఉన్న బరువు ఒక్కటే. లాటరీ చీటీకి భయం తెలియదు కదా.

భయం కాలిని ఎలా చేరుతుంది? ఏళ్ల తరబడి సాధన చేసిన కదలికను మెదడు మన ప్రమేయం లేకుండానే నడిపిస్తుంది. వాకిట్లో రోజూ ముగ్గు వేసే చేతిని చూడండి, చుక్కల మధ్య అది ఎక్కడా తడబడదు. ఎవరైనా పక్కన నిలబడి గమనిస్తే, తప్పు పోకూడదన్న ధ్యాస పుట్టగానే గీత వంకర పోతుంది. దానంతట అది జరిగిపోయే పనిలో మనం జోక్యం చేసుకోవడమే అక్కడి చిక్కు. రెండో దారి కళ్లు. ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో పెనాల్టీ కొట్టేవారి చూపును పరికరాలతో నమోదు చేశారు. ఆందోళన పెరిగినప్పుడు వారి చూపు కీపర్ మీదకు త్వరగా పోయింది, అక్కడే ఎక్కువసేపు నిలిచింది. బంతి కూడా అతనికి దగ్గరగానే వెళ్లింది. చూపు ఎటో పాదం అటే.

ఇప్పుడు రొనాల్డో మాటలను మళ్లీ వినండి. నువ్వు బాగా కొడతావు అన్నది ఎన్నో ఏళ్ల సాధనను గుర్తు చేసే మాట. ఓడితే ఓడదాం అన్నది తప్పితే చెల్లించాల్సిన మూల్యాన్ని తగ్గించే మాట. యోర్డెట్ లెక్కల్లో ఆటగాళ్లను కుంగదీసిన బరువు సరిగ్గా అదే. ఏ మనస్తత్వ నిపుణుడూ పక్కన లేకుండా, ఆ అలసటలో ఆ రెండు మాటలూ అతని నోట రావడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

అయితే ఒక్క కిక్‌తో సిద్ధాంతం రుజువు కాదు. దొనెత్స్క్‌లో మొటీన్యో 120 నిమిషాలూ ఆడి బంతి దగ్గరకు వచ్చాడు. మార్సేయ్‌లో రెండో అర్ధభాగంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు కాబట్టి కాళ్లలో ఇంకా సత్తువ ఉంది. దొనెత్స్క్‌లో తన వంతు రాకముందే ఆట ముగిసిపోయిన రొనాల్డో, మార్సేయ్‌లో మొదటి కిక్ తనే కొట్టాడు. స్కోరు 2-2 దగ్గర ఉన్నప్పుడు మొటీన్యో మూడోవాడిగా నడిచాడు. బంతి వలలో పడింది. పోర్చుగల్ 5-3తో గెలిచింది.

ఆ తరువాత పది రోజులకే పారిస్ శివార్లలో ఫ్రాన్స్‌తో ఫైనల్. రొనాల్డో మోకాలి గాయంతో తొలి అరగంట లోపే బయటికి వెళ్లిపోయాడు. మొటీన్యో మళ్లీ రెండో అర్ధభాగంలో దిగాడు. 109వ నిమిషంలో బంతి అతని కాళ్ల దగ్గరకు వచ్చింది. ఈసారి ఈల కోసం ఎదురుచూపు లేదు, ఒంటరి నడక లేదు, తలచుకుని బెదరడానికి వ్యవధే లేదు. గోల్‌కు వీపు పెట్టి నిలబడిన ఎడెర్‌కు బంతి అందించాడు. ఎడెర్ తనను అంటిపెట్టుకున్న డిఫెండర్‌ను భుజంతో కాచుకుని, పక్కకు తిరిగి, పెనాల్టీ బాక్స్ బయటి నుంచే నేల బారుగా గోల్‌లోకి కొట్టాడు.