మలేరియా పరాన్నజీవి పొయ్యి ఎక్కడ పెట్టుకుంది?

వానాకాలంలో విశాఖపట్నం నుంచి పాడేరు ఘాట్ ఎక్కి మన్యంలోకి వెళ్తే, ఆశా కార్యకర్తల సంచుల్లో మలేరియా పరీక్ష పట్టీలు కనిపిస్తాయి. వేలిని గుచ్చి తీసిన రక్తపు బొట్టు వేస్తే కాసేపటికి గీత పడుతుంది. ఇలాంటి పట్టీల్లో కొన్ని వెతికేది ల్యాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమును. పరాన్నజీవి తన శక్తి కోసం తయారుచేసుకునే ఎంజైము అది. చలిజ్వరంతో వణికే మనిషి రక్తంలో ఎవరో పొయ్యి వెలిగించారని ఆ గీత చెబుతోంది.

పొయ్యి కణంలో ఏ మూల ఉంది? మలేరియా పరాన్నజీవుల్లో ఒకటైన ప్లాస్మోడియం ఫాల్సిపారం ఒక ఎర్ర రక్తకణంలో సుమారు 48 గంటలు గడుపుతుంది. మామూలు ఎర్రకణం కన్నా ఎన్నో రెట్లు గ్లూకోజ్ వాడుకుంటుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైములు ప్రధానంగా కణద్రవ్యంలో ఉంటాయి. ఒక్కో గ్లూకోజ్ అణువుకు అక్కడ నికరంగా దక్కేది కణానికి శక్తి నాణేల్లాంటి ఏటీపీ అణువులు 2 మాత్రమే. మిగిలిందంతా చాలావరకు ల్యాక్టేట్‌గా బయటికి పోతుంది. చుట్టూ చక్కెర ఉన్న రక్తం పారుతుంటే ఈ దుబారా దానికి చెల్లుతుంది. నష్టపోయేది రోగి. తీవ్రమైన మలేరియాలో రక్తంలో ఆమ్లత పెరగడానికి ఈ ల్యాక్టేట్ ఒక కారణం.

కణానికి శక్తిని తయారుచేసే గది, మైటోకాండ్రియా లేదా అంటే, ఉంది. రక్తదశలో ఒక్కటే ఉంటుంది. దాని సొంత డీఎన్ఏ సుమారు 6,000 అక్షరాలు. అందులో 3 ప్రోటీన్లకే సూచనలున్నాయి. రక్తంలో ఉన్నంతకాలం దాని ముఖ్యమైన పని శక్తి ఉత్పత్తి కాదు, డీఎన్ఏకు కావలసిన పిరిమిడిన్లనే ముడిపదార్థాల తయారీకి తోడ్పడటం.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది పైరువేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము సంగతి. మన కణాల్లో ఇది మైటోకాండ్రియా గుమ్మం దగ్గర నిలబడి, గ్లూకోజ్ నుంచి వచ్చిన పైరువేట్‌ను లోపలి మంటకు సిద్ధం చేస్తుంది. పరాన్నజీవిలో అక్కడ లేదు! అది ఎపికోప్లాస్ట్‌లో ఉందని 2005లో వెల్లడైంది. ఎపికోప్లాస్ట్ అంటే ఏనాటి ఎర్ర శైవలం నుంచో మిగిలిన, నాలుగు పొరల గది. 530తో మొదలయ్యే పిన్‌కోడ్ చూసి ఉత్తరాన్ని విశాఖకు పంపినట్లే, ప్రోటీను మొదట్లో ఉండే చిన్న అమైనో ఆమ్లాల వరుస చూసి కణం దాన్ని ఆ గదికి చేరుస్తుంది. ఆ చిరునామాకు ఆకుపచ్చగా మెరిసే ప్రోటీనును జతచేసి, వెలుగు ఎక్కడ కనిపిస్తుందో సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఎపికోప్లాస్ట్‌లో ఆ ఎంజైము పని కొవ్వు ఆమ్లాల తయారీకి ముడిసరుకు అందించడం. మరి మైటోకాండ్రియాలో దాని కొలువు ఎవరిది? అమైనో ఆమ్లాలను విరగ్గొట్టే వంశానికి చెందిన మరో ఎంజైము ఆ బాధ్యత తీసుకుందని 2014లో తేలింది.

దోమ కడుపులోకి వెళ్ళగానే కథ మారుతుంది. అక్కడ చక్కెర అంత ధారాళంగా దొరకదు. రక్తంలో అంతగా అక్కరలేని మైటోకాండ్రియా మంట ఇప్పుడు ప్రాణాధారం. అటోవాక్వోన్ అనే మలేరియా మందు దెబ్బ కొట్టేది మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బి అనే ప్రోటీను మీదే. ఆ ప్రోటీనును మార్చుకుని మందును తట్టుకున్న పరాన్నజీవులు రక్తంలో బతికాయి కానీ, 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో దోమలో ఎదుగుదల దెబ్బతిని, మరొకరికి సోకలేకపోయాయి.