లామినేషన్ చేయిస్తే చాలా? ఆరుబయట పెట్టే స్కేళ్లపై అపోహలు – వాస్తవాలు

వానలు మొదలయ్యే ముందు మా షెడ్డుకి ఓ రకం మనుషులు వస్తుంటారు. డాబా మీద సొంతంగా రెయిన్ గేజ్ (వాన కొలిచే గొట్టం) చేసుకున్న రిటైర్డ్ ఉద్యోగులు, బడి ఆవరణలో నీడ గడియారం పెట్టాలనుకునే సైన్సు టీచర్లు, టెలిస్కోపుకి డిగ్రీల చక్రం కావాలనే ఇంజినీరింగ్ పిల్లలు. బాలానగర్‌లో నేమ్‌ప్లేట్లు, మెషీన్ల డయల్ ప్లేట్లు చేసుకునే నాకు వీళ్ల పనిలో మిగిలేది తక్కువే. అయినా వాళ్లొస్తే టీ తెప్పిస్తాను. విసుగల్లా వాళ్లడిగే మొదటి ప్రశ్నతోనే: "అన్నా, ప్రింట్ తీసి లామినేషన్ గూడ చేయించిన. అయినా పోయింది. ఇంకా మందంది ఉంటదా?"

అపోహ: లామినేషన్ చేయిస్తే ప్రింటు ఎండకూ వానకూ ఆగుతుంది

ఆగదు. మందం పెంచినా ఆగదు. ఈ ఒక్క నమ్మకం మీద జనం పోసే డబ్బు, అంతకు మించి పోగొట్టుకునే రీడింగులు చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

లామినేషన్ పుట్టింది చేతి మరకలు, టీ చుక్కలు ఆపడానికి. ఎండ సంగతి వేరు. పైనున్న ప్లాస్టిక్ గుండా అంకెలు మీకు కనబడుతున్నాయంటే, ఆ వెలుతురు అంకెల దాకా చేరుతున్నట్టే. ఇంక్‌జెట్ రంగు సిరాల్లో ఎక్కువ భాగం డై రకం, అంటే సిరాలో కరిగి ఉండే రంగు. హైదరాబాద్ ఏప్రిల్, మే ఎండకు అవి వారాల్లో వెలిసిపోతాయి. ముందు పోయేవి ఎరుపు, పసుపు. పాత ఫ్లెక్సీలూ పోస్టర్లూ నీలంగా మారడం చూసే ఉంటారు, ఇదీ అంతే. ముఖ్యమైన గీత కదా అని ఎరుపులో వేయిస్తారు, అదే మొదట మాయమవుతుంది. లేజర్ ప్రింటర్ నలుపు కొంత నయం, అందులో ఉండేది కార్బన్ కాబట్టి వెలవదు. కాకపోతే దాని కిందున్నది కాగితం.

నీళ్లు అక్కడే దొరకబుచ్చుకుంటాయి. రెయిన్ గేజ్ గొట్టానికి సరిగ్గా అతకాలని లామినేషన్ అయ్యాక అంచులు కాగితం దాకా కత్తిరిస్తారు. ఆ కోసిన అంచు నుంచి కాగితం నీళ్లు పీలుస్తుంది. మొన్న మేడ్చల్ వైపు నుంచి ఒక హెడ్మాస్టరు గారు తెచ్చిన స్కేలు ఇంకా నా బల్ల మీదే ఉంది. అంచు పొడవునా సన్నగా పచ్చటి పాచి. కింది అంకెల చోట కాగితం ఉబ్బి, ప్లాస్టిక్ పొర లేచి, మధ్యలో పాలలాంటి మసక. 20కీ 30కీ నడుమ గీతలు కళ్లు చిట్లించి చూసినా కనబడవు. రోజూ పొద్దున 8:30కి, వాతావరణ శాఖ వాళ్లు చూసే వేళకే, పిల్లలు రీడింగు తీసి నోటుబుక్కులో ఎక్కిస్తారట. అంకె కనబడక ఒక పిల్ల నిన్నటి అంకెనే మళ్లీ రాసిందని చెబుతూ ఆయన తన తప్పేదో ఉన్నట్టు నొచ్చుకున్నారు. సార్, తప్పు మీది కాదు. "వాటర్‌ప్రూఫ్ సార్, ఏం కాదు" అని అమ్మినవాడిది.

కాగితమే వాడక తప్పని పరిస్థితి అయితే నలుపు లేజర్ ప్రింటు తీసి, చుట్టూ కనీసం ఒక సెంటీమీటరు ఉత్త ప్లాస్టిక్ అంచు వదలండి. ఒక సీజను గడుస్తుంది. అంతకు మించి ఆశించొద్దు.

ఏళ్లు నిలవాలంటే గుర్తు పైపైన అంటుకోకుండా వస్తువులోనే ఉండాలి. జైపూర్ జంతర్ మంతర్‌లో సామ్రాట్ యంత్రం అనే పెద్ద నీడ గడియారం గీతలు పాలరాతిలో చెక్కినవి, రంగుతో వేసినవి కావు. మనకి పాలరాయి అక్కర్లేదు. నల్ల ఆనోడైజ్డ్ (కరెంటుతో పైన గట్టి పొర కట్టించి రంగు పట్టించిన) అల్యూమినియం రేకు మీద ఫైబర్ లేజర్ మెషీన్‌తో వేయిస్తే గీత తెల్లగా, వెంట్రుకంత సన్నగా పడుతుంది. ఎర్ర, నీలం ఆనోడైజింగ్ అడగొద్దు, వాటిలో రంగు ఎండకు తగ్గుతుంది. బడ్జెట్ లేకపోతే బండి నంబర్లు వేసే రేడియం షాపుకు వెళ్లండి. ప్లాటర్ అనే కోత మెషీన్‌తో కోసిన వినైల్ (రంగు ప్లాస్టిక్ స్టిక్కర్ షీటు)లో రంగు పొర మందమంతా ఉంటుంది, అందుకే ప్రింటు చేసిన స్టిక్కర్ కన్నా చాలా కాలం ఆగుతుంది. మిల్లీమీటరు కన్నా సన్న గీతలు మాత్రం పీకేటప్పుడు లేచొస్తాయి, కాబట్టి పెద్ద గీతలకే.

చేతిపని ఇష్టమైన పిల్లలకి ఇత్తడి రేకు చెబుతాను. సర్క్యూట్ బోర్డులు చేసినట్టే. లేజర్ ప్రింటు టోనర్‌ని (నల్ల పొడిని) ఇస్త్రీపెట్టెతో రేకు మీదకి ఎక్కించి, కోఠి గుజరాతీ గల్లీలో దొరికే ఫెర్రిక్ క్లోరైడ్ అనే రసాయన ద్రావణంలో వేస్తే టోనర్ లేని చోటు కరిగి పల్లం పడుతుంది. అందుకని గీతలు ఖాళీగా, చుట్టూ నలుపుగా ఉండేలా, అద్దంలో బొమ్మలా తిప్పి ప్రింటు తీయాలి. తరవాత పల్లాల్లో నల్ల ఎనామిల్ నింపి పైన తుడిచేయడమే. చేతికి గ్లోవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి. అల్యూమినియం మీద మాత్రం ఈ ప్రయోగం చేయకండి, భగ్గున వేడెక్కి పొంగుతుంది. వాడేసిన ద్రావణాన్ని సింకులో పోయొద్దు, అందులో రాగి ఉంటుంది.

అపోహ: యూవీ ప్రింటు అంటే ఎండ తగలదు

ఆ సిరా ఆరడానికి యూవీ (అతినీలలోహిత) దీపం వాడతారు, అంతే. ఎండకు ఆగడం ఆగకపోవడం సిరా నాణ్యతను బట్టి ఉంటుంది. ఈ పేరు చెప్పి రెట్టింపు అడిగితే లేచి వచ్చేయండి.

అపోహ: ఫైల్లో కొలత కరెక్టు, కాబట్టి ప్రింటులోనూ కరెక్టే

డిజైన్‌ని వాట్సాప్‌లో ఫొటోగా పంపుతారు. అక్కడే కొలత పోయింది. పీడీఎఫ్ చేసి డాక్యుమెంటుగా పంపాలి. షాపులో "ఫిట్ టు పేజ్" ఉంటే తీయించి "యాక్చువల్ సైజ్" పెట్టించాలి. ఫైల్లోనే నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీతలు వేసుకుని, ప్రింటు చేతికి రాగానే స్టీలు స్కేలు పెట్టి కొలవండి. 97 వచ్చిందా, డబ్బులివ్వకండి.

అపోహ: రెయిన్ గేజ్‌కి మామూలు స్కేలు అతికిస్తే చాలు

గరాటు, గొట్టం ఒకే వెడల్పు అయితేనే చాలు. 15 సెంటీమీటర్ల గరాటు కింద 7.5 సెంటీమీటర్ల గొట్టం ఉంటే వ్యాసం రెట్టింపు, వైశాల్యం నాలుగింతలు. 1 మిల్లీమీటరు వాన గొట్టంలో 4 మిల్లీమీటర్లు ఎక్కుతుంది. లెక్క మీద నమ్మకం లేకపోతే 177 మిల్లీలీటర్ల నీళ్లు కొలిచి పోయండి, అది 1 సెంటీమీటరు వాన. 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్క రోజులో కురిసిన 24 సెంటీమీటర్ల వానకి ఈ గొట్టం దాదాపు మీటరు ఎత్తు ఉండాలి. అంచేత పొంగిన నీళ్లు పట్టే డబ్బా ఒకటి బయట పెట్టుకోండి.

అపోహ: నీడ గడియారం తప్పు చూపిస్తోందంటే ప్లేటు తప్పు

చాలాసార్లు ప్లేటు సరైనదే. హైదరాబాద్ రేఖాంశం 78.5 డిగ్రీలు, మన దేశం గడియారాలు నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం మీద. ఆ నాలుగు డిగ్రీలకి 16 నిమిషాలు. సూర్యుడి సొంత హెచ్చుతగ్గులు కూడా కలిస్తే నవంబరు మొదట్లో నీడ దాదాపు గడియారంతో కలుస్తుంది, ఫిబ్రవరి మధ్యలో అరగంట వెనకుంటుంది. నెలవారీ సవరణ పట్టిక కూడా ప్లేటు మీదే వేయించుకోండి, అడిగినవాళ్లకల్లా చెప్పే బాధ తప్పుతుంది. ఢిల్లీకి గీసిన డిజైన్ నెట్‌లో దొరికిందని తెస్తే మాత్రం నేను చేయను. ఇక్కడ నీడ పడేసే ముల్లు వాలు 17.4 డిగ్రీలు, అక్కడ 28.6. ముల్లొక్కటే వంచితే కుదరదు, గంటల గీతల కోణాలన్నీ మారతాయి.

అపోహ: గట్టిగా బిగిస్తే కదలదు

యాక్రిలిక్ (గాజులా ఉండే గట్టి ప్లాస్టిక్) స్కేలు పట్టీ వేడికి బాగా సాగుతుంది. 30 డిగ్రీల తేడాకి 60 సెంటీమీటర్ల పట్టీ మిల్లీమీటరు పైనే పెరుగుతుంది. అల్యూమినియం అందులో మూడో వంతే. రెండు చివర్లూ బిగించేస్తే పట్టీ విల్లులా వంగుతుంది, లేదా స్క్రూ దగ్గర పగులు పడుతుంది. సున్నా ఉన్న చివర గుండ్రటి రంధ్రం పెట్టి బిగించండి, రెండో చివర పొడవాటి రంధ్రం పెట్టి స్క్రూ కాస్త వదులుగా ఉంచండి.