నీళ్లు కూడా పైకెక్కాలి కదా!

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం.

టీవీలో ఆ పెద్ద భవనం తగలబడటం చూసి మొన్న ఫోన్‌లో నన్నొక మాట అడిగారు. "అన్ని ఫైరింజన్లు వచ్చాయి కదా తాతయ్యా, అందరూ కింద నిలబడి చూస్తున్నారేంటి?" అన్నాడు బుజ్జి. ఫైర్ సర్వీసులో తల నెరిసినవాణ్ని, కాస్త ఉక్రోషం వచ్చిన మాట నిజమే. నీ తప్పేం లేదులేరా. కెమెరా బయట ఉంటుంది. అసలు పని జరిగేది లోపల, మెట్ల మీద, పొగలో.

ముందు నిచ్చెన సంగతి. బండి మీద ఉండే పెద్ద నిచ్చెన మామూలుగా 30 మీటర్ల దాకా సాగుతుంది, అంటే తొమ్మిది పది అంతస్తులు. అంతకు మించి వెళ్లేవీ ఉన్నాయి గానీ అన్నిచోట్లా ఉండవు. పైగా ఆ బండి కాళ్లు చాపుకుని నిలబడాలంటే గోడ పక్కన గట్టి నేల, ఖాళీ జాగా కావాలి. సరిగ్గా అక్కడే ఎవరో కారు పెట్టి ఉంటారు. కాబట్టి ఇరవయ్యో అంతస్తులో మంటంటే మెట్లే గతి.

మందపాటి కోటు, బూట్లు, హెల్మెట్, వీపు మీద గాలి సిలిండరు, అన్నీ కలిపి 20 కిలోల పైమాటే. భుజాన హోస్, అంటే నీళ్ల గొట్టం, దాని చుట్ట అదనం. ఈ బరువుతో అన్ని మెట్లు ఎక్కేసరికి మంట మొహం చూడకముందే సగం ప్రాణం పోతుంది. సిలిండరుకు 45 నిమిషాలని లెక్క ఉన్నా, రొప్పుతూ పనిచేసేవాడికి అరగంట వస్తే గొప్ప. గాలి అడుగంటుతుంటే చెవి పక్కనే ఈల మోగుతుంది. ఆ ఈల మోగేలోపే బయటపడాలి. వెనక్కి రావడానికి పట్టే గాలి దాచుకుని, మిగిలిన కాస్తలోనే మంటతో తలపడాలన్నమాట. అందుకని మంటకు రెండంతస్తుల కిందే మకాం పెట్టి, సిలిండర్లు అక్కడ పేర్చుకుని, జట్లు మారుతూ పైకి వెళ్తుంటారు. కింద నిలబడి చూస్తున్నారని మీరనుకున్నవాళ్లలో చాలామంది తమ వంతు కోసం ఆగినవాళ్లే.

సరే, మనిషి ఎలాగోలా ఎక్కాడనుకుందాం. నీళ్లు కూడా ఎక్కాలి కదా! స్కూటర్ టైరులో గాలికి ఎంత ఒత్తిడి ఉంటుందో అంత ఒత్తిడితో నెడితే నీళ్లు ఇంచుమించు 20 మీటర్లు ఎక్కుతాయి. ఎక్కి అక్కడ చతికిలబడతాయి. హోస్ కొసనుండే నాజిల్ నుంచి దూరంగా చిమ్మాలంటే దాని మీద ఇంకా ఎంతో ఒత్తిడి కావాలి. పోనీ కింది నుంచే హోస్ లాక్కెళదామంటే, 63 మిల్లీమీటర్ల హోస్ 15 మీటర్ల ముక్కలో నీళ్లు నిండితే ఆ నీళ్ల బరువే 45 కిలోలు దాటుతుంది. అందుకే ఎత్తైన భవనాల్లో మెట్ల పక్కన కింది నుంచి పై దాకా లావుపాటి ఇనుప పైపు నిలబెడతారు. దాన్ని రైజర్ అంటాం. అంతస్తుకో వాల్వు, పక్కనే ఎర్రటి హోస్ పెట్టె. నేనొకసారి ఆదరాబాదరాగా ఆ పెట్టె తెరిస్తే లోపల చీపుళ్లు, తడి గుడ్డలు కనిపించాయి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు, అప్పుడు కిందికి మనిషిని పంపి హోస్ తెప్పించుకున్నాం.

ఇప్పుడొక చిక్కు చెబుతాను, మీరే ఆలోచించండి. మంట ఉన్న అంతస్తుకు కింది అంతస్తులో హోస్ తగిలించి, మెట్ల మీదుగా లాక్కుంటూ పై తలుపు దగ్గరకు వచ్చారు. ఆ తలుపు మూసి ఉన్నంతసేపూ మెట్లలోకి పొగ రాదు. మీరు హోస్ లోపలికి తీసుకెళ్తే తలుపు ఇక మూసుకోదు, హోస్ లావున సందు ఉండిపోతుంది. వేడి పొగకు మెట్ల దారి పొయ్యి గొట్టంలాంటిది, జివ్వున పైకి లాగేస్తుంది. ఆ పైనుంచే జనం పిల్లల్ని ఎత్తుకుని దిగుతున్నారు. ఏం చేస్తారు? రెండు చోట్ల మెట్లుంటే ఒకటి మాకు, ఒకటి వాళ్లకు అని విడగొడతాం. ఒకటే ఉంటే పైన ఎవరైనా ఉన్నారేమో చూసి రమ్మని మనిషిని పంపి, అప్పుడు తెరవాలి. అతను తిరిగొచ్చేదాకా తలుపు అవతల మంట పెరుగుతున్న చప్పుడు వినబడుతూనే ఉంటుంది. నా ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా కష్టంగా తోచింది ఆ నిలబడటమే.

హెలికాప్టర్‌తో నీళ్లు పోయొచ్చుగా అని చిన్ని అడిగింది. పైకప్పు కట్టిందే వాన లోపలికి రాకూడదని కదమ్మా! పైనుంచి ఎన్ని నీళ్లు పోసినా గొడుగు మీద పోసినట్టే. 2019లో పారిస్‌లో నోత్ర్ దామ్ చర్చి కాలుతున్నప్పుడు కూడా కొందరు ఇదే సలహా ఇచ్చారు. అంత బరువు ఒక్కసారిగా మీద పడితే కట్టడమే కూలిపోవచ్చని అక్కడి అధికారులు ఒప్పుకోలేదు.

ఇక మా వృత్తిలో అందరూ చెప్పుకునే ఒక రాత్రి సంగతి. 1991 ఫిబ్రవరి 23న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల ఆఫీసు భవనంలో నిప్పు పుట్టింది. చెక్కపనికి వాడిన అవిసె నూనె గుడ్డలు 22వ అంతస్తులో వాటంతటవే వేడెక్కి రాజుకున్నాయి. కరెంటు పోయింది, లిఫ్టులు ఆగిపోయాయి. చీకట్లో హోసులు మోసుకెళ్లి రైజర్‌కు తగిలించి వాల్వు తిప్పితే, నీళ్లు నీరసంగా వచ్చాయి. ఒత్తిడి మరీ ఎక్కువై హోస్ చేయి దాటిపోకుండా అక్కడ ఒత్తిడి తగ్గించే వాల్వులు పెట్టారు. వాటిని మరీ తక్కువకు బిగించేశారు. పైపులో నీళ్లున్నాయి, మంట ఎదురుగా ఉంది, చిమ్మే శక్తి లేదు. ముగ్గురు ఫైర్‌మెన్ పొగలో దారి తప్పి, గాలి అయిపోయి చనిపోయారు. పదకొండు గంటల పోరాటం తర్వాత, భవనం కూలుతుందేమోనన్న భయంతో లోపలున్న అందర్నీ వెనక్కి పిలిచేశారు. మంట ఒక్కో అంతస్తూ ఎక్కుతూ పోయి 30వ అంతస్తులో ఆగిపోయింది.

అక్కడే ఎందుకు ఆగిందంటే, ఆ అంతస్తు కప్పుకు స్ప్రింక్లర్లు ఉన్నాయి, అంటే వేడి తగిలితే వాటంతటవే నీళ్లు చిమ్మేవి. మంట మొదలైన అంతస్తులో అవి లేవు. స్ప్రింక్లర్ మూతికి అగ్గిపుల్లంత సన్నటి గాజు గొట్టం అడ్డంగా ఉంటుంది, అందులో ఎర్రటి ద్రవం, చిన్న గాలి బుడగ. వేడి 68 డిగ్రీలకు చేరేసరికి ద్రవం ఉబ్బి గాజు పగులుతుంది, అడ్డం ఊడిపోతుంది, నీళ్లు గొడుగులా విచ్చుకుంటాయి. సినిమాల్లో ఎవడో లైటర్ వెలిగించగానే భవనమంతా వాన కురుస్తుందే, అది ఉత్తిదే. వేడి తగిలినది మాత్రమే పగులుతుంది. ఆ ప్రమాదంలో 30వ అంతస్తులో పగిలినవి పది.

అలాంటి గాజు గొట్టం వాడనిది ఒకటి నా బీరువాలో ఉంది. సెలవులకు వచ్చినప్పుడు వెలుతురుకు ఎదురుగా పట్టుకుని వంచి చూడండి, లోపల బుడగ అటూ ఇటూ పరుగెడుతుంది. బుజ్జీ, గట్టిగా నొక్కకు, ఉన్నది అదొక్కటే.

ఇట్లు,
మీ తాతయ్య