తాకకుండా అడ్డుపడితే తొండి కాదా?

తిరుపతిలో ఇంజినీరింగ్ విద్యార్థులు ఫోన్లలో నిర్వహించుకున్న తెరచాప పడవల పోటీ ఫలితంపై సద్దుమణిగిందనుకున్న తగాదా ఈ వారం మళ్లీ రాజుకుంది. చివరి పందేనికి ముందు అగ్రస్థానంలో ఉన్న చిత్తూరు అమ్మాయిని, పట్టికలో ఎక్కడో అడుగున ఉండి గెలుపు ఆశ ఏమాత్రం లేని ఒక ఆటగాడు మొదలు నుంచి చివరిదాకా వెంటాడి అడ్డుకోగా, కప్పు అతనితో ఒకే గదిలో ఉండే స్నేహితుడికి దక్కింది. ఆటలోని అంపైరు ఒక్క పెనాల్టీ కూడా వేయలేదు కాబట్టి ఫలితం మారదని నిర్వాహకులు అప్పుడే తేల్చేశారు. వచ్చే సీజన్ నిబంధనల ముసాయిదాలోనూ అదే మాట కనిపించడంతో గొడవ తిరిగి మొదలైంది.

ఆన్‌లైన్ ఆటల్లో గెలవడం మాని ఎదుటివారి ఆట చెడగొట్టడమే పనిగా పెట్టుకునేవారి చరిత్ర పాఠకులకు కొత్త కాదు. మన పిల్లలు బ్యాటిల్ గ్రౌండ్ ఆటల్లో ‘టీమప్’ అని తిట్టుకునేది కూడా ఇందులో ఒక రకమే. ఒంటరిగా ఆడవలసిన పందెంలో ఇద్దరు లోపాయికారీగా కలిసిపోతే దానికి వేరే పేరు అక్కర్లేదు. పడవ పందేలకు వచ్చేసరికి మాత్రం ఈ మాట అంత తేలిగ్గా అతకదు. ఎదుటి పడవను అడ్డుకోవడం ఈ ఆటలో నైపుణ్యంగానే చెల్లుతుంది.

ఆ పందెం స్క్రీన్ రికార్డింగ్‌ను ఈ కథనం కోసం మూడుసార్లు చూశాను. ఆ అమ్మాయి పడవ గాలికి ఎదురుగా వంకరటింకరగా ఎక్కుతూ ఎప్పుడు మలుపు తిరిగితే అప్పుడు రెండో పడవా తిరిగింది. గాలి వచ్చే వైపున, కాస్త ముందుగా, ఆమె తెరచాపపై తన గాలినీడ పడేంత దగ్గరలో అది నిలిచింది. ముందున్న తెరచాప గాలిని మింగేస్తే వెనుకవారికి మిగిలేది చెదిరిన గాలే కాబట్టి, తెర మూలన ఆమె వేగం అంకె ప్రతిసారీ పడిపోయింది. రెండు పడవలూ ఒక్కసారి కూడా తగల్లేదు. ఆమె ఒకచోట పూర్తిగా ఆగిపోతే అతనూ ఆగాడు. ఆ రెండు చుక్కలూ కదలకుండా నిలిచి ఉండగా మిగతా గుంపంతా వాటిని దాటిపోవడమే ఈ తగాదా మొత్తానికి మూలం.

నిర్వాహకులు ఉదాహరణగా చెబుతున్నది 2000 నాటి సిడ్నీ ఒలింపిక్స్. లేజర్ అనే ఒక్కరే నడిపే పడవల తరగతి చివరి పందెంలో బ్రెజిల్ నావికుడు రాబర్ట్ షైట్ బాగా వెనుకబడితే తప్ప బ్రిటన్‌కు చెందిన బెన్ ఎయిన్స్లీకి స్వర్ణం రాదు. అందుకని ఎయిన్స్లీ పందెం గెలిచే ప్రయత్నమే మాని, షైట్ గాలిని కమ్మేస్తూ అతణ్ని గుంపు చివరికి నెట్టుకుపోయి, ఆ క్రమంలో తానూ చివర్లోనే మిగిలాడు. స్వర్ణం ఎయిన్స్లీకి, రజతం షైట్‌కు దక్కాయి. అంతకు నాలుగేళ్ల ముందు, 1996 ఒలింపిక్స్ పడవ పందేలు జరిగిన సవానాలో, మొత్తం పాయింట్లలో అప్పటికే ముందున్న ఇదే షైట్ ఆఖరి పందెంలో ప్రారంభ సంకేతానికి ముందే గీత దాటి, తనను వెన్నంటి ఉన్న ఎయిన్స్లీని కూడా అదే తప్పులోకి లాగి, ఇద్దరూ అనర్హులైన ఆ పందెం పుణ్యాన స్వర్ణం గెలుచుకున్నాడు. కనుక సిడ్నీలో జరిగింది బాకీ తీర్చుకోవడమేనని అనుకున్నవాళ్లూ లేకపోలేదు.

అడ్డుకోవడం తప్పు కాదని సిడ్నీ చెబుతోందన్న మాట నిజమే. కానీ ఎందుకు తప్పు కాదో చెప్పే వాక్యం నిర్వాహకుల వాదనలో లేదు. అది ప్రపంచ సెయిలింగ్ సమాఖ్య తీర్పుల సంపుటిలో 78వ కేసుగా ఉంది. ఒక పడవ ఇంకొకదాని ప్రయాణాన్ని బాహాటంగా అడ్డుకోవచ్చు; అయితే ఆ ఎత్తుగడ వల్ల మొత్తం పోటీలో తన స్థానం మెరుగుపడేందుకో, తాను ఎంపిక కావడానికో సహేతుకమైన అవకాశం ఉండాలి. ఆ ప్రయత్నంలో కావాలని ఇంకో నియమాన్ని ఉల్లంఘించినా, వేరొకరికి మేలు చేయడానికి ముందే ఒప్పందం చేసుకుని అడ్డుపడినా అది రెండో నియమానికి, అంటే క్రీడాస్ఫూర్తితో పోటీపడాలన్న నియమానికి, విరుద్ధం. ఎయిన్స్లీ అడ్డుకున్నది తన పతకం కోసం. మన పందెంలో అడ్డుకున్న కుర్రాడు పక్కకు తప్పుకున్నా, తప్పుకోకపోయినా అతని స్థానం మారేది కాదు.

అతని తరఫువారు చెప్పేది క్లుప్తంగా ఇదీ: ఎవరి వెనుక పోవాలో ఎంచుకునే హక్కు ప్రతి ఆటగాడికీ ఉంటుంది, రెండో నియమం కింద శిక్షించాలంటే తప్పు స్పష్టంగా రుజువు కావాలి. రెండో మాట నియమంలో ఉన్నదే. అయితే పందేనికి ముందు రాత్రి వాట్సాప్ గ్రూపులో అతను పెట్టిన సందేశం ఇంకా అలాగే ఉంది: “నువ్వు ముందరికి పోతా ఉండు, ఆ యమ్మి సంగతి నేను జూసుకుంటా.” దానికి స్నేహితుడి జవాబు ఒక బొటనవేలి బొమ్మ. తమాషాకు పెట్టానని అతను ఇప్పుడంటున్నాడు.

ఇంతదాకా రావడానికి కారణం యంత్రాన్నే న్యాయమూర్తిగా కూర్చోబెట్టడం. అసలు నీళ్లమీద జరిగే పందెంలో అన్యాయం జరిగిందనుకున్నవారు ‘ప్రొటెస్ట్’ అని గట్టిగా అరుస్తారు. తప్పు చేసినవారు అక్కడే రెండు చుట్లు తిరిగి శిక్ష చెల్లించుకోవచ్చు. ఒప్పుకోకపోతే ఒడ్డుకొచ్చాక సాక్షులతో విచారణ ఉంటుంది. ప్రపంచ సమాఖ్య 2018లో వర్చువల్ రెగట్టా ఆటతో ఈ-సెయిలింగ్ ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలుపెట్టింది. 2021 ఒలింపిక్ వర్చువల్ సిరీస్‌లోనూ, 2023లో సింగపూర్‌లో జరిగిన ఒలింపిక్ ఈ-స్పోర్ట్స్ పోటీల్లోనూ సెయిలింగ్‌కు చోటు దక్కింది. ఇలాంటి ఆటల్లో గాలిని ఎడమవైపు నుంచి తీసుకునే పడవ కుడివైపు నుంచి తీసుకునే పడవకు దారి ఇచ్చిందా లేదా అన్నది ప్రోగ్రామ్ క్షణంలో తేల్చి, తప్పు చేసినవారి వేగం తగ్గిస్తుంది. దూరం, దిశ, సమయం దానికి తెలుసు. అడ్డుపడినవాడు ఎవరి కోసం అడ్డుపడ్డాడో తెలిసే దారి దానికి లేదు.

సముద్రపు దొంగల ఆటల్లో ఇంతకన్నా ఘోరాలు జరుగుతుంటాయి కదా అన్న మాట కూడా గ్రూపులో వినిపించింది. 2018 మార్చి 20న విడుదలైన ‘సీ ఆఫ్ థీవ్స్’లో ఎదుటి ఓడను దోచుకోవడమే ఆట. అయినా సొంత ఓడలో ఆట చెడగొట్టేవాణ్ని తోటివారు ఓటు వేసి ఖైదు గదిలో పెట్టే ఏర్పాటు దానిలో మొదటినుంచీ ఉంది. ఇతర ఓడల బెడద లేని ‘సేఫర్ సీస్’ను తయారీదారులు 2023 డిసెంబరులో తెచ్చి, అందులో వచ్చే బంగారాన్ని మొదట మామూలు ఆటలో వచ్చేదానిలో 30 శాతానికి పరిమితం చేశారు. కొల్లగొట్టడానికి అనుమతి ఉన్నచోటే అంత ఆలోచన చేశారు కాబట్టి ఈ పోలిక నిర్వాహకులకు పెద్దగా కలిసొచ్చేది కాదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో గూడూరు, సూళ్లూరుపేట వచ్చి కలిసేదాకా తిరుపతి ఉన్న జిల్లాకు సముద్రమే లేదు, ఇప్పుడేమో పులికాట్ సరస్సు కూడా మనదే. ఈ పోటీదారుల్లో తెరచాప తాడు చేత్తో పట్టుకున్నవారు ఎందరున్నారో తెలియదు గానీ, తొండి అన్న మాట మాత్రం గోలీలాట నుంచీ అందరికీ తెలుసు.

కొత్త ముసాయిదాలో అడ్డుకోవడం గురించి ఉన్నది ఒకే వాక్యం: “ఇతర పడవలను ఢీకొన్నవారికి ఆటలోని పెనాల్టీయే తుది నిర్ణయం.” ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి, రికార్డింగ్‌ను ఎవరు చూడాలి, గ్రూపు సందేశాలు సాక్ష్యంగా చెల్లుతాయా అన్నవాటిపై ఒక్క మాటా లేదు. ముసాయిదాపై అభిప్రాయాలు ఆదివారం లోపు పంపమన్నారు. చిత్తూరు అమ్మాయి తన అభిప్రాయంగా 78వ కేసు అనువాదాన్ని పంపింది. కొత్త సీజన్‌లో ఆడేందుకు తన పేరు మాత్రం ఇంకా ఇవ్వలేదు.