హత్యకు గురైన నాయకుడి గురించి రాసేటప్పుడు: అపోహలు - వాస్తవాలు

మార్చి 2న జయంతి, ఏప్రిల్ 13న వర్ధంతి. ఏటా ఈ రెండు రోజులూ మంథని వైపు నుంచి వరంగల్ దాకా ఫోన్లన్నీ శాసనసభ మాజీ స్పీకర్ దుద్దిళ్ల శ్రీపాదరావు ఫొటోలతో నిండిపోతాయి. ఫొటో కింద రాసే నాలుగు లైన్లలో కనీసం ఒక తప్పు ఉంటోంది. అబద్ధం చెప్పాలని ఎవరూ అనుకోరు. ఇవాళ్టి పేర్లనూ హోదాలనూ పాతికేళ్ల వెనక్కి తీసుకెళ్లి అతికించడం వల్లే ఈ తప్పులు దొర్లుతున్నాయి. జిల్లా చరిత్రలు, పత్రికా వ్యాసాలు సరిచూసే పనిలో మాకు మళ్లీ మళ్లీ తగిలేవి ఇవి.

అపోహ: స్పీకర్‌ను నక్సలైట్లు చంపారు.

1999 ఏప్రిల్ 13న హత్య జరిగేనాటికి శ్రీపాదరావు మాజీ స్పీకర్. ఆ పదవిలో ఉన్నది 1991 నుంచి 1995 దాకా. 1994 ఎన్నికల తర్వాత మంథని సీటు కూడా ఆయన చేతిలో లేదు. ఇంకొందరు 'తెలంగాణ స్పీకర్' అని రాస్తారు. ఆయన నడిపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభను.

ఎలిమినేటి మాధవరెడ్డి విషయంలోనూ ఇదే పొరపాటు. 2000 మార్చి 7న ఘట్‌కేసర్ దగ్గర మందుపాతర పేలి ఆయన చనిపోయారు. 'హోంమంత్రి హత్య' అని ఇప్పటికీ రాస్తుంటారు. హోంశాఖ చూసింది అంతకుముందు, చనిపోయేనాటికి ఆయన పంచాయతీరాజ్ మంత్రి. అందుకే నోట్స్‌లో రెండు గడులు పెట్టుకోండి: నిర్వహించిన అతి పెద్ద పదవి ఒకటి, చనిపోయిన రోజున ఉన్న పదవి ఇంకొకటి.

అపోహ: మావోయిస్టులు భూపాలపల్లి జిల్లాలో చంపారు.

ఈ ఒక్క వాక్యంలోనే రెండు తప్పులున్నాయి. మావోయిస్టు పార్టీ ఏర్పడింది 2004 సెప్టెంబర్‌లో. 1999లో ఉన్నది పీపుల్స్‌వార్ అనే నక్సలైట్ పార్టీ. హత్య జరిగిన మహదేవ్‌పూర్ మండలం అప్పుడు కరీంనగర్ జిల్లాలో ఉంది. జయశంకర్ భూపాలపల్లి జిల్లా వచ్చింది 2016 అక్టోబర్ 11న. 'అప్పటి కరీంనగర్ జిల్లా మహదేవ్‌పూర్ మండలం, ఇప్పుడు భూపాలపల్లి జిల్లా' అని రాస్తే పాత కాగితం వెతికేవాళ్లకూ, ఇవాళ ఆ ఊరికి వెళ్లేవాళ్లకూ పనికొస్తుంది. మంథని పట్టణం మాత్రం పెద్దపల్లి జిల్లాలోకి వెళ్లింది. నియోజకవర్గం ఒకటే అయినా జిల్లాలు రెండు. ఇక్కడ చాలామంది తడబడతారు.

అపోహ: ఎఫ్‌ఐఆర్‌లో ఉందంటే అదే నిజం.

ఎఫ్‌ఐఆర్ అంటే పోలీసులకు మొదట అందిన సమాచారం, అంతే. దర్యాప్తు అక్కడ మొదలవుతుంది. అయినా దాన్ని చదవడం వస్తే చాలా దొరుకుతుంది. నేరం జరిగిన తేదీ, సమయం ఒకచోట ఉంటాయి. స్టేషన్‌కు సమాచారం అందిన సమయం వేరేచోట, ఎఫ్‌ఐఆర్‌ను కోర్టుకు పంపిన సమయం చివర్లో. ఈ మూడింటినీ కలిపేసి చూస్తే మరణ తేదీ ఒకరోజు జరిగిపోతుంది. స్టేషన్ నుంచి ఘటనాస్థలం ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో రాసే గడి కూడా ఉంటుంది. 'ఊళ్లో చంపారా, ఊరి బయటా' అన్న తగవు వస్తే ముందు చూడాల్సింది దాన్నే.

అడవి ప్రాంతాల్లో మందుపాతరల భయం వల్ల పోలీసులు తరచూ తెల్లారాకే మృతదేహం దగ్గరికి వెళ్లేవారు. కాబట్టి శవ పంచనామా, పోస్టుమార్టం తేదీలు మర్నాటివి కావచ్చు. వాటిని మరణ తేదీగా తీసుకోకూడదు. పోస్టుమార్టం రిపోర్టు మరణ సమయాన్ని సుమారుగానే చెబుతుంది, గడియారం చూసినట్టు చెప్పదు.

గాయాల లెక్క దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఒంట్లోంచి దూసుకుపోయిన తూటా ఒక్కటే రెండు గాయాలు చేస్తుంది: లోపలికి వెళ్లినచోట ఒకటి, బయటికి వచ్చినచోట ఒకటి. రిపోర్టులో ఎనిమిది గాయాలున్నాయని 'ఎనిమిది తూటాలు దింపారు' అని రాస్తే అది కట్టుకథ. ఏది ప్రవేశ గాయమో, ఏది నిష్క్రమణ గాయమో రిపోర్టులో వరుసగా రాసి ఉంటుంది, చూసి లెక్కపెట్టండి.

ఎఫ్‌ఐఆర్‌లో, చార్జిషీటులో పేరున్నవాళ్లు నిందితులు. దోషి అనాలంటే తీర్పు చేతిలో ఉండాలి. పాత తీర్పు ఆన్‌లైన్‌లో కనబడకపోతే లేదనుకోకండి. విచారణ జరిగిన కోర్టులో కేసు నంబరు, సంవత్సరం రాసి సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోవాలి. సెక్షన్లూ అప్పటివే రాయాలి. 1999 నాటి హత్య కేసు ఐపీసీ 302 కిందికి వస్తుంది. ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది 2024 జులై 1న.

అపోహ: వయసు, చదువు ఎన్నికల అఫిడవిట్‌లో చూసుకోవచ్చు.

2003కు ముందు చనిపోయిన నాయకుడికి అలాంటి అఫిడవిట్ ఉండదు. కేసులు, ఆస్తులు, చదువు ప్రకటించాలన్న నియమం ఆ ఏడాది సుప్రీంకోర్టు తీర్పుతో స్థిరపడింది. శ్రీపాదరావు తరానికి శాసనసభ ప్రచురించిన సభ్యుల పరిచయ పుస్తకాలే ఆధారం. ఓట్లు, మెజారిటీలకు ఎన్నికల సంఘం గణాంక నివేదికలున్నాయి.

అపోహ: ఆ రోజు పేపర్‌లో ఉంది కాబట్టి ఆ రోజే జరిగింది.

పేపర్ మీద తేదీ సాధారణంగా ఘటనకు మర్నాటిది. రాత్రి పొద్దుపోయాక జరిగితే మారుమూల ఎడిషన్లలో ఇంకో రోజు ఆలస్యమవుతుంది. వార్తలోని 'నిన్న', 'మంగళవారం' అనే మాటలను క్యాలెండర్‌తో సరిచూడండి. 1999 ఏప్రిల్ 13 మంగళవారం.

అపోహ: ఆ ఏడాది ఆ అడవుల్లో జరిగినవన్నీ ఒకే గొలుసు.

అప్పటి కరీంనగర్ జిల్లాలోనే ఉన్న కొయ్యూరు ఘటన 1999 డిసెంబర్ 2న జరిగింది. పీపుల్స్‌వార్ కేంద్ర కమిటీ సభ్యులు నల్లా ఆదిరెడ్డి, సంతోష్‌రెడ్డి, శీలం నరేశ్ అందులో చనిపోయారు. పోలీసులు ఎన్‌కౌంటర్ అన్నారు. బెంగళూరులో పట్టుకుని తెచ్చి చంపారని హక్కుల సంఘాలు ఆరోపించాయి. ఎవరు ఏమన్నారో వాళ్ల పేరుతోనే రాయాలి. ప్రాంతం ఒకటే, సంవత్సరం ఒకటే కావడంతో ఈ ఘటనా, శ్రీపాదరావు హత్యా చెప్పేవాళ్ల నోట కలిసిపోతాయి. ఏప్రిల్‌లో జరిగిన హత్యకు డిసెంబర్ ఘటన కారణం కాలేదు. కారణం రాసేముందు తేదీలను వరుసగా పేర్చి చూసుకోవాలి. హత్య చేసినవాళ్లు విడుదల చేసే లేఖ కూడా వాళ్ల వాదనకే సాక్ష్యం. ఆ లేఖలోని ఆరోపణ అంతమాత్రాన రుజువైపోదు.

'అమరుడు' అనే మాటను మన దగ్గర పోలీసుల స్తూపం మీదా రాస్తారు, నక్సలైట్ల స్తూపం మీదా రాస్తారు, తెలంగాణ ఉద్యమ స్తూపం మీదా రాస్తారు. నివాళి పోస్టర్‌లో ఎవరిష్టం వారిది. వివరాలు చెప్పే వ్యాసంలో మాత్రం 'హత్యకు గురయ్యారు' అనండి.

ఇక వర్ధంతి లెక్క. చనిపోయిన ఏడాది తర్వాత వచ్చేది మొదటిది. ఆ లెక్కన 2024 ఏప్రిల్ 13 ఇరవై ఐదోది, ఇరవై ఆరోది కాదు. ఇళ్లల్లో ఆబ్దికం తిథిని బట్టి పెడతారు కాబట్టి బంధువులు చెప్పే రోజు ఇంగ్లిష్ తేదీతో కలవకపోవచ్చు. అప్పుడు వాళ్లు చెప్పింది తప్పని కొట్టేయకండి. తిథి, మాసం అడిగి రాసుకుని, ఆ ఏటి పంచాంగంలో చూడండి.