వాసెన కట్టిన వంతెన

ఇండియానాపోలిస్, అమెరికా,
అక్టోబరు, ఆదివారం.

చిట్టీ, నానీ,

నేను పంపిన ఫోటో చూసి మీరు పెట్టిన వాయిస్ మెసేజ్ నాలుగుసార్లు విన్నాను. "తాతయ్యా, ఆ వంతెనకి ఇంటికప్పు ఎందుకు? తడిస్తే దానికి జలుబు చేస్తుందా?" అని నాని అడగడం, వెనకాల చిట్టి కిసుక్కున నవ్వడం, రెండూ వినపడ్డాయి. నవ్వకే చిట్టీ. వాడు అడిగింది మంచి ప్రశ్నే. జలుబు కాదుగానీ, దాదాపు అలాంటిదే చేస్తుంది. ఫోనులో రెండు ముక్కల్లో తేలేది కాదని కాగితం తీశాను. మీ అత్త దీన్ని ఫోటో తీసి పంపుతుంది, నానమ్మ చేత చదివించుకోండి.

మేం వెళ్ళిన చోటు పేరు పార్క్ కౌంటీ. మీరు జారుడుబల్ల ఆడుకునే పార్కు కాదు. బెంజమిన్ పార్క్ అనే ఆయన పేరు. 1821లో ఏర్పడింది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి, కాకపోతే జనమంతా కలిపి సుమారు 16 వేలు. మన మండలంలోనే అంతకన్నా ఎక్కువమందిమి ఉంటాం. ఇక్కణ్ణించి పడమరగా కారులో గంటంపావు ప్రయాణం. దారి పొడుగునా మొక్కజొన్న చేలు, సోయా చేలు. రాక్‌విల్ అని వాళ్ళ జిల్లాకేంద్రం, నడిబొడ్డున గడియారం ఉన్న కోర్టు భవనం, దాని నాలుగు వైపులా పాతకాలం కొట్లు. నేను ఆ కోర్టు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చేసరికి మీ మావయ్య చేతిలో కాఫీ ఇంకా చల్లారలేదు. అంత ఊరు.

అలాంటి చిన్న కౌంటీలో ఇలాంటి వంతెనలు 31 ఉన్నాయి. అన్నీ చెక్కవే. చాలావాటికి పక్కలకి ఎర్ర రంగు, మొహానికి తెల్ల రంగు. అక్టోబరు రెండో శుక్రవారం మొదలుపెట్టి పదిరోజులు వాటికి పండగ చేస్తారు, 1957 నుంచీ. వంతెనలకి తీర్థం! మన ప్రభల తీర్థంలో లాగే కార్లు ఎక్కడ ఆపాలో తెలియదు, జనం దారికడ్డం, నూనె వాసన. ఏనుగు చెవులని ఒకటి అమ్ముతున్నారు, తీరా చూస్తే చాటంత పూరీ మీద పంచదార, దాల్చినచెక్క పొడి. ఆపిల్ గుజ్జుని రాగి కాగులో ఎర్రబడేదాకా ఉడికిస్తారు. పొడుగాటి కర్రతెడ్డుతో ఒకావిడ తిప్పుతూ ఉంటే నాకు మన తాండ్ర పెట్టే రోజులు గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను. మీ అత్త వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

ఇక కప్పు సంగతి.

లోపలి గదిలో నానమ్మ ఆవకాయ జాడీ ఉంటుందిగా, ఒకసారి దాని ముందు కూర్చోండి. మూత పెట్టి, పైన ఉతికి ఆరేసిన పాత పంచె ముక్కతో వాసెన కట్టి ఉంటుంది. ఆ వాసెన జాడీ అందం కోసం కాదు, లోపలి ఊరగాయ కోసం. గుడ్డ మాసిపోతుంది, నూనె మరకలు పడతాయి, ఎలక కొరుకుతుంది. పోతే పోనీ, ఇంకో గుడ్డ కడతాం. ఊరగాయ మాత్రం ఏడాదంతా నిలవుండాలి.

ఆ వంతెనకి కప్పు, పక్క చెక్కలు వాసెన. లోపల బరువు మోసే పెద్ద దూలాలున్నాయే, అవి ఆవకాయ. వాగుకి ఈ గట్టునా ఆ గట్టునా కట్టిన రాతి దిమ్మలు జాడీ. మరి మెంతులెక్కడ, వెల్లుల్లి ఎక్కడ అని అడక్కండి, నాకూ దొరకలేదు.

చెప్పకూడదుగానీ చెబుతాను. నాకు తొమ్మిదో ఏట, కొత్తావకాయ పెట్టిన నెలలోనే, బావి దగ్గర చేతులు కడుక్కుని తుడుచుకోకుండా జాడీలో చెయ్యి పెట్టాను. ఒక్క ముక్క కోసం. వారం తిరక్కుండా పైన తెల్లగా బూజు. మా అమ్మ అందరినీ వరసగా నిలబెట్టి అడిగింది. ఎవరూ ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు. మా అమ్మ పోయి ఇరవై ఏళ్ళు దాటింది, ఇవాళ మీకు చెబుతున్నాను. (నానమ్మా, చదువుతున్నది నువ్వే కదూ. సరే, విన్నావుగా.)

చెక్కని తినేది కూడా ఆ బూజుకి చుట్టమే. చెక్క పొడిగా ఉంటే దాని జోలికి రాదు. పూర్తిగా నీళ్ళలో మునిగి ఉన్నా అంతగా రాదు, గాలాడదు కనక. తడిసి, ఆరీఆరక మళ్ళీ తడిసే చోటంటే దానికి ప్రాణం. వంతెనలో అలాంటి చోట్లు ఎక్కడంటే, దూలం ఇంకో దూలంలోకి దిగే అతుకుల దగ్గర. వాననీళ్ళు అక్కడ చేరి కూర్చుంటాయి. కప్పులేని చెక్కవంతెన పదీ ఇరవై ఏళ్ళకి చివికిపోయేది. కప్పు వేస్తే? వీటిలో జాక్సన్ వంతెన అనేది 1861లో కట్టింది. నేను దాని మీద నడిచాను. మన రాజమండ్రి హేవలాక్ వంతెన ఇనుముది, 1900లో రైళ్ళు మొదలై 1997లో ఆగిపోయాయి. ఈ చెక్క ముసలాయన దానికన్నా ముందు పుట్టి ఇంకా కార్లు మోస్తున్నాడు.

మా నాన్న కూడా ఒక వంతెన వేశాడు. కొబ్బరితోటకి వెళ్ళే దారిలో పంటబోదె మీద ఒకే ఒక్క తాటి దుంగ. చేవగల చెట్టని రెండు రోజులు వెతికి కొట్టించాడు. మూడో ఏడు వానల్లో, పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని నేను దాని మీద నడుస్తుంటే, గట్టు మీద ఆనుకున్న కొస మెత్తగా కూలింది. సంచీ నేనూ బోదెలో. ఎక్కాల పుస్తకం తేలుకుంటూ పక్కవాళ్ళ పొలంలోకి పోయింది. ఆ సాయంత్రం నాన్న దుంగని పైకి లాగించి గొడ్డలి వెనకవైపుతో కొట్టి చూశాడు. నడిమధ్య ఖంగుమంది. కొస దగ్గర మాత్రం వేలు దిగిపోయింది. తడిమట్టిలో ఉన్న ఆ మూరెడు ముక్క మిగతా దుంగనంతా దగా చేసింది. నాన్న ఆ కొస కోసేసి, కింద రెండు రాళ్ళు పెట్టి, మళ్ళీ వేశాడు. నేను పెద్దచదువుకి ఊరు విడిచేదాకా అది అలాగే ఉంది.

వంతెన లోపల ఎలా ఉంటుందో ఫోటోలో పడలేదు. అడుగు పెట్టగానే చల్లబడుతుంది, చీకటి. కళ్ళు అలవాటు పడ్డాక రెండు పక్కలా విల్లులాగా వంచిన పెద్దపెద్ద దూలాలు కనిపిస్తాయి, ఈ చివర కింద మొదలై పైకి లేచి ఆ చివర కింద దిగుతాయి. పక్క చెక్కల సందుల్లోంచి ఎండ చీరలంచుల్లా నేల మీద పడుతుంది. కింద బల్లల మధ్య నుంచి వాగు కదలడం కనపడుతుంది. ఒక కారు వచ్చింది. బల్లలన్నీ దడదడలాడాయి. నాకు ఒక్క క్షణం టెన్షన్ వచ్చి గోడకి అతుక్కుపోయాను. కారు నడిపే కుర్రాడు మాత్రం నవ్వుతూ చెయ్యూపి వెళ్ళిపోయాడు.

చాలా వంతెనల నుదుటి మీద ఒక మాట రాసి ఉంది, గుర్రాలని పరుగెత్తించకండి, నడిపించండి అని. గుర్రాలు ఒకే తాళంలో దౌడు తీస్తే వంతెన ఊగుతుంది మరి. ఇప్పుడు గుర్రాలు లేవు, మాట మాత్రం చెరపలేదు. ఇంకో తమాషా వినండి. ఈ దేశంలో బాగా మంచు పడే ఉత్తరాది ఊళ్ళలో చలికాలం చక్రాల్లేని జారుబండ్లు వాడేవారు. దారంతా మంచే, బండి హాయిగా జారుతుంది. కప్పు వంతెన దగ్గరికి వచ్చేసరికి లోపల మంచు ఉండదు కదా! అందుకని మనుషుల్ని పెట్టి పారలతో మంచు మోయించి వంతెన లోపల పరిపించేవారు. మంచు పడకుండా కప్పు వెయ్యడం, మళ్ళీ లోపలికి మంచు మొయ్యడం. మీ నాన్న ఏసీ వేసుకుని దుప్పటి కప్పుకోవడం లాంటిదే ఇది.

వీటిలో చాలా వంతెనలు కట్టినవాళ్ళు ఇద్దరు మేస్త్రీలు, డేనియల్స్ అని ఒకాయన, బ్రిటన్ అని ఇంకొకాయన. వంతెన నోరు పైన చంద్రవంకలా గుండ్రం తిరిగి ఉంటే డేనియల్స్ చెయ్యి, మూలలు ఏటవాలుగా కోసినట్టుంటే బ్రిటన్ చెయ్యి అని గుర్తుపడతారట. సంతకం పెట్టకుండా సంతకం పెట్టారన్నమాట. పని చేసేవాడు అలా చెయ్యాలర్రా. మీ హోంవర్క్ పుస్తకం మీద పేరు లేకపోయినా అది మీదని టీచరుకి తెలియాలి, మంచి రకంగా.

బ్రిడ్జ్‌టన్ అనే ఊళ్ళో నా ఆవకాయ లెక్క తప్పింది. అక్కడ పిండిమిల్లు పక్కనే డేనియల్స్ 1868లో కట్టిన పెద్ద వంతెన ఉండేది. 2005 ఏప్రిల్‌లో ఎవరో కావాలని నిప్పు పెట్టారు, మొత్తం కాలిపోయింది. నూట ముప్పై ఆరేళ్ళు వాననీటిని ఆపిన కప్పు అగ్గిపుల్లని ఆపలేకపోయింది. ఇక్కడ వాసెన ఏం చేస్తుంది చెప్పండి. ఆ ఊరివాళ్ళు సిమెంటు వంతెన చాలనుకోలేదు. మరుసటి ఏడే, 2006లో, మళ్ళీ చెక్కతోనే, మళ్ళీ కప్పుతోనే కట్టుకున్నారు. నేను దాని మీదే నిలబడి మిల్లులో ఆడించిన మొక్కజొన్న పిండి పొట్లం పట్టుకున్నాను. పిండి తిరగలి రాళ్ళతో ఆడించింది, ఇంకా వెచ్చగా ఉంది. ఇంటికొచ్చి అత్త రొట్టెలు చేసింది. బాగానే ఉన్నాయి, నానమ్మవి కావు.

టర్కీ రన్ అనే అడవికి కూడా వెళ్ళాం. షుగర్ క్రీక్ అనే వాగు మీద ఊగే వంతెన దాటితే ఇసకరాయి లోయలు. రెండు పక్కలా నిట్టనిలువు రాయి, నడుమ మన ఇంటి వసారా అంత దారి, పాదాలు తడిసేంత నీళ్ళు. ఆ కాసిని నీళ్ళే రాయిని కోశాయట. ఒకచోట నిచ్చెనలు దిగాలి, మీ మావయ్య దిగాడు, నేను పైనే కూర్చున్నాను. అక్కడి చెట్లు ఎంత పాతవంటే, తల ఎత్తి చూస్తే టోపీ పడిపోతుంది. జాన్ లస్క్ అనే ఆసామి కలప కంపెనీలు ఎన్నిసార్లు అడిగినా వాటిని అమ్మనన్నాడు. ఆయన 1915లో పోయాడు. మరుసటి ఏడు వేలంలో ఒక కలప కంపెనీయే ఆ అడవిని పాడుకుంది. అదృష్టం బాగుండి అదే ఏడాది ఆ కంపెనీ దగ్గర ప్రభుత్వం కొనేసి అందరిదీ చేసింది. చుట్టుపక్కల వాళ్ళు ఆయన్ని ఎంత మొండివాడని తిట్టుకుని ఉంటారో. ఆ రాయి ఎన్ని కోట్ల ఏళ్ళదో మావయ్య బోర్డు చదివి చెప్పాడు. నేను సగంలోనే వినడం మానేశాను. ఒక ఎర్రాకు తిరుగుతూ తిరుగుతూ లోయలోకి దిగుతోంది, అది నేలకి చేరేదాకా చూశాను. చాలాసేపే పట్టింది.

ఇప్పుడు మీకొక పని. పశువులపాకలో పడమటి వైపు గుంజ దగ్గరికి వెళ్ళండి. నానీ, నువ్వు పాత మేకు పట్టుకో. మూడు చోట్ల నొక్కి చూడాలి: నీ తలంత ఎత్తున ఒకచోట, సరిగ్గా నేల తగిలే చోట ఒకటి, తర్వాత జానెడు మట్టి తవ్వి లోపల ఒకటి. చిట్టీ, మేకు ఎంతెంత దిగిందో నువ్వు రాయి. తర్వాత పాక చూరు చూడండి, వాన ఆ గుంజ మీద పడుతోందో లేదో. పడుతుంటే తాతయ్య చెప్పాడని నాన్నతో చూరు ఒక మూర ముందుకి దింపించండి. తవ్విన మట్టి మళ్ళీ కప్పెయ్యండి, లేకపోతే గేదె కాలు పెడుతుంది.

మీ తాతయ్య